మా పాపకు మూడో సీటీ ఎందుకు ఆగింది

ప్రొద్దుటూరులో మా ఇంటి నుంచి బంగారు అంగళ్ల వీధిలోని మా అంగడికి పెద్ద దూరం లేదు. ఆ కొద్ది దారిలో మా కూతురు వాసవి కూర్చోవడం మొదలుపెట్టిన రోజు నాకు బాగా గుర్తుంది. ఎండాకాలం సెలవులు. దానికి ఆరో ఏడు నడుస్తోంది. నా చెయ్యి పట్టుకుని గెంతుతూ రావలసిన పిల్ల సగం దారిలో ఒక బట్టల అంగడి మెట్టు మీద కూలబడింది.

"ఏమ్మా?"

"కాళ్లు గుంజుతాండాయి నాయనా. రోంతసేపు కూచ్చుంటా."

కాసేపటికి లేచింది. నాలుగు అంగళ్లు దాటి మళ్లీ కూర్చుంది. మర్నాడూ అంతే. ఆ బట్టల అంగడి బాషా నాకు చిన్ననాటి స్నేహితుడు. వాడు వీధిలోకి వినపడేట్టు, "ఏం శెట్టీ, నీ కూతురు సేల్సుట్యాక్సు ఆఫీసరైనాదా ఏంది? అంగడంగడికీ కూచ్చోని తనిఖీ చేస్తాందే!" అన్నాడు. అందరూ నవ్వారు. నేనూ నవ్వాను. నవ్వి ఊరుకున్నా బాగుండేది. నలుగురిలో పరువు పోతోందనిపించి, "లెయ్, సోమరిదానా" అని పిల్లను జబ్బ పట్టి లేపాను.

మా ఆవిడ రమాదేవి రాత్రిళ్లు పిల్ల పిక్కలకు నూనె రాసేది. పెరిగే వయసులో ఇలాంటి నొప్పులు మామూలేనని నేను చెప్పేవాణ్ణి. ఒకటి రెండుసార్లు ముక్కులోంచి రక్తం వచ్చింది. మా దిక్కు ఎండలకు అదీ మామూలే అన్నాను. అయితే రమ ఒక మాట అంది. 

"పిల్ల పాదాలు ముట్టుకోని జూడండి. సల్లగా ఉండాయి. ఈ ఎండలో సల్లగా ఉండేదేంది?"

నేను ముట్టుకోలేదు. అంగడికి టైమైందని వెళ్లిపోయాను. ఆమే పిల్లను తీసుకుని పిల్లల డాక్టరు దగ్గరకు పోయింది. అక్కడి నుంచి నాకు ఫోను చేయించారు.

ఆ డాక్టరు పెద్దాయన. మా తరాన్ని కూడా ఆయనే చూశాడు. నేను పోగానే నా వేళ్లు తీసుకుని వాసవి మణికట్టు మీద పెట్టాడు.

"నాడి తెలుస్తాందా?"

"కొట్టుకుంటాంది సార్, గట్టిగా."

తర్వాత నా వేళ్లను పిల్ల గజ్జల్లో పెట్టాడు. "ఈడ?"

నేను వెతికాను. ఏమీ తెలియలేదు.

"నాకూ దొరకలేదప్పా," అన్నాడాయన. చేతిలో బీపీ చూశాడు, కాలిలో చూశాడు. చేతిలో ఎక్కువ, కాలిలో తక్కువ. "గుండెకాడ్నుంచి కిందికి రక్తం మోసే పెద్ద గొట్టం యాడో నొక్కుకున్యట్టుండాది. కోఆర్క్టేషన్ అంటారు. పుట్టుకతోనే ఉంటాది, ఇప్పుడు బయటపడింది. ఆలస్యం జెయ్యాకు. కడపకు పోయి ఎకో తీపిచ్చు."

కడపలో గుండె డాక్టరు ఎకో తీశాడు. అనుమానం నిజమేనన్నాడు. "అయితే ఆర్చ్ మొత్తం, అంటే గుండె పైన ఆ గొట్టం తిరిగే వంపు, ఎకోలో సరిగా కనిపించడం లేదు. సీటీ యాంజియో తీస్తే ఎక్కడ నొక్కుకుంది, ఎంత పొడవు నొక్కుకుంది తెలుస్తుంది. ఆపరేషన్ చేసేవాళ్లకు అది కావాలి," అని చీటీ రాశాడు.

స్కాన్ సెంటరులో మిషను కొత్తది. పూజ చేసిన కుంకుమ బొట్లు దాని మీద ఇంకా చెరగలేదు. మిషను నడిపే అతను మంచివాడు. భయపడొద్దని వాసవికి అన్నీ చెప్పాడు. చేతులు తల మీదికి ఎత్తాలి, ఊపిరి పట్టమంటే పట్టాలి, నరంలోకి మందు ఎక్కుతుంటే ఒళ్లు వేడవుతుంది, అంతే. నేను పక్కన నిలబడి నా తెలివి చూపించాను.

"అన్నా, ఎట్లాగూ తీస్తాండావు గదా. మెడకాడ్నుంచి నడుము దాకా అంతా తియ్. ఏదీ వదలొద్దు."

"సరేన్నా," అన్నాడతను. మందు లేకుండా ఒకసారి, మందుతో ఒకసారి తీశాడు. ఎక్కువ తీస్తే ఎక్కువ మంచిదనే అనుకున్నాను. రేడియేషన్ అన్న మాట అక్కడ గోడ మీద పసుపుపచ్చ బొమ్మ పక్కన రాసి ఉంది. గర్భిణీ స్త్రీలకు సంబంధించిన సంగతి కాబోలని చదివి వదిలేశాను.

బయటికి వచ్చాక వాసవి వాళ్లమ్మ చెవిలో, "ఒళ్లంతా ఉడుకుడుకు అయినాది మా. ఉచ్చ పోసుకున్న్యానేమో అనుకున్న్యా. పోసుకోలా," అంది. రమ చాలా రోజుల తర్వాత నవ్వింది.

రిపోర్టులో సివియర్ కోఆర్క్టేషన్ అని వచ్చింది. ఎడమ పక్క పక్కటెముకల సందులోంచి ఆపరేషన్ చేసి, నొక్కుకున్న ముక్క తీసేసి, రెండు కొసలూ కలిపి కుట్టాలన్నారు.  ఆరేళ్ల పిల్ల పక్కటెముకలు ఎంత ఉంటాయి?

నాకు ఇంకొకరి మాట కావాలనిపించింది. అందులో తప్పు లేదు. తప్పు దాని తర్వాత జరిగింది.

మా వ్యాపారంలో ఒక పద్ధతి ఉంది. పాత నగకు ఒక అంగట్లో వెల కట్టిస్తే, ఆ వెల రెండో అంగట్లో చెప్పకూడదు. చెబితే రెండో మనిషి నగను చూడడు, ఆ వెలనే చూస్తాడు. దానికి కొంచెం అటో ఇటో చెప్పి పంపిస్తాడు. "ముందుమాట వాని చెవిలో పడిందంటే వాని కన్ను పనిజెయ్యదురా" అని మా నాయన చెప్పేవాడు. ఆ మాట అంగట్లో ఎన్నోసార్లు నిజమైంది. నేను దాన్ని పట్టుకుని కర్నూలు బయలుదేరాను.

బస్సు ఎక్కాక రమ సంచిలో వెతికింది. "ఫిల్ములు యాడ? మర్సిపోయి వచ్చినారా?"

"మర్సిపోలా. అంగట్లో పెట్టినా. అవి జూపిస్తే ఆయప్పగూడా వీళ్ల మాటే అంటాడు."

"ఇదేమన్నా పాత గాజులా, రెండో అంగట్లో వెల కట్టించేదానికి?"

నేను కండక్టరును పిలిచి టిక్కెట్లు తీసుకున్నాను.

కర్నూలు డాక్టరు మమ్మల్ని అడిగాడు, ఇంతకు ముందు ఏం పరీక్షలు చేశారని. ఎకో ఒకటే తీశారనీ కాగితాలు పోయాయనీ చెప్పాను. ఆయన మళ్లీ ఎకో చేశాడు. ఆర్చ్ సరిగా కనబడలేదు. మళ్లీ సీటీ రాశాడు. ఆయన తప్పేముంది? నేను చెప్పిన దాన్నిబట్టి ఆయన చేయగలిగింది అదే.

అక్కడి మిషను అతను ముందు వాసవిని బరువు తూచాడు. ఛాతీ వరకే, మందుతో ఒక్కసారే తీశాడు. బల్ల కొంచెం జరిగి ఆగిపోయింది.

"అంతేనా? కడుపు తియ్యవా?" అన్నాను.

"అక్కర్లేదన్నా. చిన్నపాప గదా, గుండెకాడ సాలు."

నాకు మోసపోయినట్టు అనిపించింది. కడపలో అంత తీశారు, ఇక్కడ ఇంతే, ఇదేదో తక్కువ రకం పరీక్ష అనుకున్నాను. పైగా రిపోర్టులో మోడరేట్ అని వచ్చింది. ఒకచోట సివియర్, ఇంకోచోట మోడరేట్. డాక్టరు మాత్రం ఆపరేషన్ చేయించమనే చెప్పాడు. నా బుర్రలో ఆ మోడరేట్ ఒక్కటే నిలిచింది. రెండు అంగళ్లలో రెండు వెలలు వస్తే మూడో అంగడికి పోవాలి కదా. హైదరాబాదు పోదామన్నాను.

ఈ తిరుగుళ్లలో వారాలు గడిచాయి. పిల్లకు తలనొప్పి మొదలైంది. బీపీకి మాత్రలు వేస్తున్నాం. ఇంట్లో రమ నాతో అవసరానికి మించి మాట్లాడడం లేదు. హైదరాబాదు పోయే ముందు ఒక్కటే అడిగింది: "ఈసారన్నా చెప్తారా?"

"ఇదే ఆఖరు. ఈ ఒక్కసారి జూద్దాం," అన్నాను.

హైదరాబాదులో అది పెద్ద ఆసుపత్రి. పిల్లల గుండె డాక్టరు తాపీగా అన్నీ అడిగాడు. చివరికి, "పాపకు ఇంతకు ముందు సీటీ ఏమైనా తీశారా?" అన్నాడు.

"లేదు సార్."

రమ పిల్ల తల నిమురుతోంది. ఆ చెయ్యి ఆగిపోయింది.  పరాయి మనిషి ముందు భర్త మాటను కాదనలేక ఊరుకుంది. ఆ ఊరుకోవడానికి కూడా నేనే కారణం.

సీటీ గదిలోకి నన్ను ఒక్కణ్ణి రానిచ్చారు. బరువైన సీసపు కోటు తొడిగారు. ఎందుకని అడిగితే, "మీ మీద రేడియేషన్ పడకుండా" అంది అక్కడి టెక్నీషియన్ అమ్మాయి.  పక్కన నిలబడే నాకే ఇంత బరువు కోటు కావలసి వస్తే, బల్ల మీద పడుకున్న పిల్లకు?

టెక్నీషియన్ వాసవిని పడుకోబెట్టింది. చెప్పక ముందే వాసవి రెండు చేతులూ తల మీదికి ఎత్తింది.

"అరే, నీకెలా తెలుసు?"

"అక్కా, ఊపిరి ఎప్పుడు పట్టాల? మందు ఎక్కకముందేనా, ఎక్కినాకనా? కడపలో అన్న రెండుమార్లు పట్టమన్న్యాడు. కర్నూల్లో అన్న ఒగటేమారు పట్టమన్న్యాడు. నీవెన్నిమార్లు పట్టమంటావు?"

ఆ అమ్మాయి నావైపు చూసింది. చేతిలోని కాగితం చూసింది. మళ్లీ నావైపు చూసింది. తర్వాత బల్లను వెనక్కి లాగి, వాసవిని లేపి కూర్చోబెట్టింది. "సార్, మీరు కాసేపు బయట కూర్చోండి. డాక్టర్ గారిని పిలుస్తాను."

వాసవికి ఏం అర్థమైందో గానీ, "నేనేమన్నా తప్పు జెప్పినానా నాయనా?" అంది. లేదమ్మా అన్నాను. సీసపు కోటు విప్పడానికి నాకు చేతకాలేదు. ఆ అమ్మాయే విప్పింది.

రేడియాలజిస్టు డాక్టరమ్మ నడివయసు మనిషి. మా ఇద్దరినీ తన గదిలో కూర్చోబెట్టింది. పిల్లను బయట టెక్నీషియన్ దగ్గర ఉంచింది.

"సీటీ ఇంతకు ముందు తీయలేదని రాసి ఉంది. పాప రెండుసార్లు తీశారంటోంది. ఏది నిజం?"

నేను నోరు తెరిచేలోగా రమ అంది: "పాప జెప్పిందే నిజం మేడమ్."

"మరి ఎందుకు చెప్పలేదండీ?"

నేను మా అంగడి పద్ధతి చెప్పాను. చెబుతుంటే నాకే సిగ్గేసింది. ఆమె నవ్వుతుందనుకున్నాను, లేదా తిడుతుందనుకున్నాను. రెండూ చేయలేదు.

"మీరు అన్నదాంట్లో నిజముంది. ముందు రిపోర్టు చదివితే మా కన్ను కూడా దానివైపే పోతుంది. కానీ అభిప్రాయం వేరు, బొమ్మ వేరు. పాత రిపోర్టు పక్కన పెట్టి బొమ్మలు మాత్రం చూసి చెప్పండి అని మీరు అడగొచ్చు. మేం చూస్తాం. అభిప్రాయం ఎన్నిసార్లయినా కొత్తగా చెప్పించుకోండి. దానికి పాపను మళ్లీ ఎక్స్‌రేల కింద పెట్టాల్సిన పని లేదు."

అంతే. ఇంత చిన్న సంగతి. నగను గీటురాయి మీద గీసిన ప్రతిసారీ రవ్వంత బంగారం రాతికి అంటుకుపోతుందని, ఊరికే గీయకూడదని నాకు చిన్నప్పటి నుంచీ తెలుసు. నా బిడ్డ విషయంలో మాత్రం నాకు ఆ ఆలోచన రాలేదు.

రెండుచోట్ల ఫిల్ములూ సీడీలూ తెప్పించమంది డాక్టరమ్మ. అవి వచ్చేదాకా సీటీ లేదంది. మా తమ్ముడు వెంకటేశుకు ఫోను చేశాను. అంగట్లో వెనక అరలో ఉన్నాయి, రెండు కవర్లూ హైదరాబాదు బస్సు డ్రైవరు చేతికి ఇచ్చి పంపమన్నాను.

"రెండా? కడపదొగటే గదా?"

"కర్నూల్లో గూడా తీపిచ్చినా."

"అంటే ఆడ జూపియ్యకుండానే..." వాడికి అర్థమైంది. "అన్నా, పిల్లను గూడా తాకట్టు నగ మాదిరి తిప్పినావా నువ్వు?"

ఫోను పెట్టేశాడు. కవర్లు మాత్రం ఆ సాయంత్రమే బస్సెక్కించాడు.

మర్నాడు డాక్టరమ్మ, రేడియేషన్ లెక్కలు చూసే ఫిజిసిస్టూ కలిసి ఆ బొమ్మల ముందు కూర్చున్నారు. మేమూ ఉన్నాం. పిల్లకు ఎంత డోస్ పడిందో అంచనా వేయాలంటే ఏమేం కావాలో నాకు అప్పుడే తెలిసింది. మిషను ఎంత బలంతో ఎక్స్‌రేలు పంపింది, ఒళ్లు ఎంత పొడవునా తీశారు, ఎన్నిసార్లు తీశారు, పిల్ల వయసెంత, బరువెంత. కొన్ని అంకెలు ఫిల్ము మూలలో చిన్న అక్షరాల్లో ఉన్నాయి. కొన్ని సీడీలో ఉన్నాయి.

"మిషను చూపించే డోస్ అంకె మీ పాపను కొలిచి చెప్పింది కాదు," అన్నాడు ఫిజిసిస్టు. "ఒక ప్లాస్టిక్ దిమ్మను కొలిచి చెప్పింది. ఆ దిమ్మ పెద్దవాళ్ల ఛాతీ అంత లావుంటుంది. అదే బలంతో పంపితే చిన్నపిల్ల ఒంట్లో పడేది అంతకంటే ఎక్కువ. అందుకే దాన్ని వయసుకు, సైజుకు సరిచేసుకోవాలి. కడపలో తీసిన రోజు పాప బరువెంత?"

నేను గ్రాములో వందో వంతు తేడా వచ్చినా తక్కెడ మార్చే మనిషిని. ఆ రోజు మా పాప బరువు నాకు తెలియదు. అక్కడ ఎవరూ తూచలేదు, నేను అడగలేదు.

రమ గుర్తు చేసుకుంది. "కడప బస్టాండులో బరువు మిషనెక్కుతానని ఏడ్సింది మేడమ్. టిక్కెట్టులో బొమ్మొస్తాదని. స్కాను తీసిన పొద్దే." అంకె చెప్పింది. డాక్టరమ్మ నవ్వి, "బస్టాండు మిషనైనా సరే, అంచనాకు చాలు," అంది.

లెక్క తేలింది. కడపలో పెద్దవాళ్లకు పెట్టే సెట్టింగే పెట్టారు. మెడ నుంచి నడుము దాకా తీశారు. రెండుసార్లు తీశారు. కర్నూలులో పిల్లల సెట్టింగ్, ఛాతీ వరకే, ఒక్కసారే. నేను తక్కువ రకం అనుకున్న కర్నూలు స్కానే సరైన స్కాను. డోస్ దానిలో కొద్దిగా, కడపదానిలో దానికి ఎన్నో రెట్లు. అంత తేడా ఉన్నా ఆర్చ్ రెండింటిలోనూ స్పష్టంగానే కనబడుతోంది. మిల్లీసీవర్టులలో ఆ అంకెలు నా దగ్గర ఉన్నాయి. ఇక్కడ రాయను. పిల్లను బట్టి, మిషనును బట్టి అవి మారతాయి. మా పాప అంకెను మీ పిల్లలకు తగిలించుకోకూడదు.

అదీ ఒక అంకె కాదు. ఇంత నుంచి ఇంత దాకా అని చెప్పారు.

"ఒక్క మాట చెప్పండి సార్. కరెక్టుగా ఎంత?" అన్నాను.

"కరెక్టుగా ఎవరూ చెప్పలేరండీ. అంచనా అంటే అదే."

"దానివల్ల ఏమైతాది? క్యాన్సరొస్తాదా?"

డాక్టరమ్మ కుర్చీ నావైపు తిప్పింది. "జీవితం మొత్తంలో క్యాన్సర్ రిస్క్ కొద్దిగా పెరుగుతుందని అనుకుంటాం. కొద్దిగానే. రాకుండా ఉండడానికే చాలా ఎక్కువ అవకాశం. పిల్లల ఒళ్లు పెరుగుతూ ఉంటుంది, ముందు ఎన్నో ఏళ్లు బతకాలి, అందుకే వాళ్ల విషయంలో పెద్దవాళ్ల కంటే జాగ్రత్త పడతాం. రేపు పాపకు ఏదైనా వచ్చినా అది దీనివల్లేనని చెప్పలేం. రాకపోతే సంతోషం."

"పడిన దాన్ని తీసేదానికి మందుండాదా?"

"లేదు. ఇక ముందు అనవసరంగా పడకుండా చూసుకోవడమే."

రమ అడిగింది: "అసలు ఆ మొదటిదే తియ్యకుండా ఉండాల్సిందా మేడమ్?"

"లేదమ్మా. మొదటిది అవసరమే. అది తీయకపోతే సర్జన్‌కు దారి తెలియదు. తీసిన పద్ధతి ఇంకోలా ఉండాల్సింది, అంతే. సీటీకి భయపడి అవసరమైనది మానుకుంటే అదీ పిల్లకు ప్రమాదమే."

ఆ మాట నాకు కొంత ఊరట కావాల్సింది. కాలేదు. "అంతా తియ్" అన్నది నేను. రెండోది తీయించింది నేను. మూడోది బల్ల దాకా తెచ్చింది నేను.

మూడో సీటీ తీయలేదు. సర్జన్ కర్నూలు సీడీ చూసి ఇది చాలన్నాడు. సివియరా మోడరేటా అని అడిగాను. "చూసే మనిషిని బట్టి మాట మారుతుంది. కాలి నాడి లేదు, చేతి బీపీ ఎక్కువ. ఏ పేరు పెట్టినా చేయాల్సింది ఇదే," అన్నాడు. మూడు ఊళ్లు తిరిగి నేను వెతికింది ఈ మాట. ప్రొద్దుటూరు పెద్దాయన నా వేళ్లు పట్టుకుని మొదటి రోజే దీన్ని చూపించాడు.

ఆపరేషన్ బాగా జరిగింది. ఐసీయూలో మమ్మల్ని ఒక్కొక్కరినే లోపలికి పంపారు. రమ ముందు పోయి వచ్చి, "పాదాలు ముట్టుకోని రాపోండి," అంది. పోయి ముట్టుకున్నాను. వెచ్చగా ఉన్నాయి. ఈ పని మొదట్లోనే చేయవలసిన మనిషిని.

అంతటితో అయిపోలేదు. ఆపరేషన్ తర్వాత బీపీ దిగలేదు. అనుకున్న దానికంటే ఎక్కువ రోజులు ఐసీయూలోనే ఉంచారు. ఊపిరి ట్యూబు తీశాక వాసవి మాట్లాడితే బొంగురు గొంతు వచ్చింది. ఆపరేషన్ చేసిన రక్తపు గొట్టం పక్క నుంచే గొంతుకు పోయే నరం ఉంటుందట, అది కొంచెం దెబ్బతిన్నదన్నారు. చాలామందికి నెలల్లో తిరిగి వస్తుందన్నారు. బడిలో పిల్లలు "కప్పా కప్పా" అన్నారు. ఏడ్చి ఇంటికొచ్చింది. నెమ్మదిగా అలవాటు పడింది. ఒకరోజు అంగడికి వస్తుంటే బాషా, "ఏమ్మా ఆఫీసరమ్మా, గొంతు గూడా ఆఫీసరుదే వచ్చినాదే!" అన్నాడు. అది ఆగకుండా నడుస్తూనే, ఆ బొంగురు గొంతుతో, "ట్యాక్సు కట్టు మామా," అంది. ఆ దారి పొడవునా అది ఎక్కడా కూర్చోలేదు. గొంతు ఆ ఏడాది చివరికి చాలావరకు బాగయింది.

తిరిగి వచ్చాక కడప స్కాన్ సెంటరుకు పోయాను. పోట్లాడడానికి పోలేదు. ఆ హక్కు నాకు లేదు. డోస్ సంగతి చెప్పాను. "మాకాడికి పెద్దోళ్లే వస్తారన్నా. మిషను పెట్టినోళ్లు పెట్టిపోయిన సెట్టింగే నడుస్తాండాది. నీవు అంతా తియ్ అంటివి, నేను తీస్తి," అన్నాడు మిషను అతను. ఇద్దరం చేసింది ఇద్దరమూ చెప్పుకున్నాం. తర్వాత వేరే పని మీద అటు పోయినప్పుడు ఆ గది తలుపు పక్కన బరువు తూచే మిషను కనబడింది. పిల్లలకు సెట్టింగ్ మార్చారా అని అడిగాను. కంపెనీవాళ్లను పిలిపించి మార్పించామన్నాడు.

ఏడాది తర్వాత మామూలు ఎకోలో కుట్టుదగ్గర మళ్లీ సన్నబడిందేమోనని అనుమానం వచ్చింది. కడపలో అది చూసిన వేరే డాక్టరు సీటీ రాశాడు. ఈసారి నేను నోరు తెరిచాను. రెండు సీటీల సంగతీ చెప్పి, అంచనా వేసిన కాగితం బల్ల మీద పెట్టాను.

"నువ్వు నాకు చెప్తావేందప్పా?" అన్నాడు ఆయన విసుగ్గా. కాగితం చదివాక మాట మారింది. "సరే. తొందర లేదు. హైదరాబాదులో ఎమ్మారై తీయించు. దాంట్లో రేడియేషన్ ఉండదు." ఎమ్మారైకి సమయం ఎక్కువ పట్టింది. లోపల సుత్తులు కొట్టినట్టు చప్పుడు. వాసవి కదలకుండా పడుకుంది. సన్నబడింది కొంచెమేనని, చూస్తూ ఉంటే చాలని తేలింది.

ఇప్పుడు దానికి బీపీ మాత్రలు లేవు. ఏడాదికొకసారి ఎకో. బడిలో పరుగుపందెంలో చివరి నుంచి రెండో స్థానం తెచ్చుకుని ఇంటికొచ్చి గొప్పలు చెప్పింది. ఈ మధ్యనే దాన్ని కూర్చోబెట్టి జరిగిందంతా చెప్పాను. పెద్దయ్యాక ఏ డాక్టరుకైనా అదే చెప్పుకోవాలి కదా, నా నోటి నుంచే వినడం మేలనిపించింది.

అంతా విని, "అయితే నాకేమన్నా అయితాదా నాయనా?" అంది.

"కాకపోవచ్చమ్మా. కచ్చితంగా తెలీదు."

"డాక్టరమ్మ లెక్కేసిందంటివే?"

"లెక్కేసినా తెలీదు."

 "మరి నీవెందుకు అబద్ధం జెప్పినావు?"

అంగడి పద్ధతి గురించి దానికి చెప్పబోయి ఆగాను. "తెలివనుకున్న్యా," అన్నాను. అది తల ఊపి ఆడుకోవడానికి పోయింది. రమ వంటింట్లోంచి విన్నది. ఆ రాత్రి నాకు అన్నం వడ్డిస్తూ, చాలాకాలం తర్వాత, ఊరికే కబుర్లు చెప్పింది.

చదివేవాళ్లకు నేను చెప్పదలచుకున్నది ఒక్కటే. పిల్లకు సీటీ రాసినప్పుడు, ఇంతకు ముందు ఎక్కడెక్కడ ఏమేం తీశారో డాక్టరుకూ చెప్పండి, మిషను దగ్గర ఉన్నవాళ్లకూ చెప్పండి. అడక్కపోయినా చెప్పండి. రెండో మాట కోసం ఎన్ని ఊళ్లయినా తిరగండి, పాత బొమ్మలు చేత్తో పట్టుకుని తిరగండి. కొత్తగా చూడమని అడగండి, కొత్తగా తీయమని అడగొద్దు. తీయక తప్పదంటే, పిల్లల సెట్టింగే కదా, కావలసినంత వరకే కదా అని అడగండి. ఎవరైనా విసుక్కుంటే పడండి. ఒక ఊళ్లో తీసిన స్కాను ఇంకో ఊరి డాక్టరుకు తెలిసే దారి ఏదీ లేదు. పాత స్కాన్ల సంగతి మిషనుకు తెలియదు. ఆ గదిలో అది తెలిసిన పెద్దమనిషి మీరొక్కరే.